కంపు కొట్టిన నగరానికి కాలువలు కట్టినవాడు

పోయిన వానాకాలంలో ఒక రాత్రి మా హాస్టల్ సెల్లార్ బాత్రూంలో నీళ్ళు కిందికి పోవడం మానేసి పైకి రావడం మొదలుపెట్టాయి. బకెట్లు తేలాయి, చెప్పులు తేలాయి, వాసన మాత్రం మూడో అంతస్తు దాకా ఎక్కింది. మర్నాడు వచ్చిన ప్లంబర్ అన్న నహానీ ట్రాప్ జాలీ తీసి, టార్చి వేసి చూసి, రెండు నిమిషాల్లో సంగతి తేల్చేశాడు. వీధిలో ఉన్న డ్రైనేజీ లైను మా సెల్లార్ నేల కంటే ఎత్తులో ఉందట. వానకి ఆ లైను నిండగానే నీరు పల్లం వెతుక్కుంది, ఆ పల్లం మేమే! సెల్లార్‌లో బాత్రూం కట్టాలంటే మురుగును ఒక సంప్‌లోకి చేర్చి, పంపుతో పైకి ఎత్తి, తిరిగి రాకుండా నాన్ రిటర్న్ వాల్వు పెట్టాలి. మాకు అవేవీ లేవు. పైగా డాబా మీద ఉండాల్సిన వెంట్ పైపు మూతిని ఎవరో సిమెంటుతో పూడ్చేశారు.

మూడేళ్ళుగా సివిల్ చదువుతున్న మాకు ఈ విషయం ఆ అన్న చెప్పేదాకా తెలియలేదు. సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే ఈ డ్రైనేజీ కథ ఎక్కడ మొదలైందో చూద్దామని వెతికితే ఒక మనిషి దొరికాడు. పేరు జోసెఫ్ బాజల్జెట్. మా సెల్లార్‌కి వచ్చిన కష్టమే నూట డెబ్భై ఏళ్ళ క్రితం లండన్ నగరం మొత్తానికీ వచ్చింది. వాలు, ట్రాప్, గాలి గొట్టం, పంపు అనే నాలుగు మాటల్లో మన ప్లంబర్ అన్న చెప్పినదాన్నే, కొన్ని లక్షల మంది కోసం ఈయన కట్టి చూపించాడు.

దర్జీ మనవడు

బాజల్జెట్ 1819 మార్చి 28న లండన్‌కి ఉత్తరాన ఉన్న ఎన్‌ఫీల్డ్‌లో పుట్టాడు. తాత ఫ్రాన్స్ నుంచి వలస వచ్చిన దర్జీ. మామూలు దర్జీ కూడా కాదు, యువరాజుకి బట్టలు కుట్టి బాగా సంపాదించినవాడు. తండ్రి నౌకాదళంలో పనిచేశాడు. కుర్రవాడు మాత్రం సన్నగా, పొట్టిగా, పెద్ద ఆరోగ్యం లేకుండా పెరిగాడు. పదిహేడేళ్ళ వయసులో సర్ జాన్ మాక్‌నీల్ అనే ఇంజనీరు దగ్గర శిష్యరికానికి చేరి, ఉత్తర ఐర్లండ్‌లో నీరు నిలిచే నేలల్ని ఆరబెట్టే పనులు నేర్చుకున్నాడు. అప్పట్లో ఇంజనీరింగ్ అంటే ఇదే పద్ధతి. మనలాగా సెమిస్టర్లు, ఇంటర్నల్స్ ఏమీ లేవు. గురువు వెనక బురదలో తిరగడమే చదువు.

1842లో లండన్‌లో సొంతంగా ఆఫీసు పెట్టాడు. ఇంగ్లండ్ అంతా రైల్వే పిచ్చి పట్టిన రోజులవి. ప్రతి ఊరికీ ఒక రైలు మార్గం, ప్రతి మార్గానికీ సర్వేలు, డ్రాయింగులు, వాటికి గడువులు. చేతినిండా పని దొరికింది, ఆ పనే మనిషిని మింగేసింది. 1847 నాటికి ఒళ్ళూ మనసూ రెండూ చెడి, అన్నీ వదిలేసి చాలాకాలం విశ్రాంతి తీసుకోవాల్సి వచ్చింది. అప్పటికి ఆయనకి ఇరవై ఎనిమిదేళ్ళు. బ్యాక్‌లాగ్ ఉంటేనే జీవితం అయిపోయిందనుకునే మనం ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి. చరిత్రలో నిలిచిన పని ఆయన మొదలుపెట్టింది ఈ దెబ్బ తిన్న తర్వాతే.

ఇల్లు బాగుపడింది, నది చెడింది

ఇప్పుడు కాసేపు బాజల్జెట్‌ని పక్కన పెట్టి లండన్ బాత్రూంలోకి వెళ్దాం.

అప్పటి లండన్ జనాభా ఇరవై లక్షలు దాటింది. ఇళ్ళ కింద మరుగు గుంతలు రెండు లక్షల దాకా ఉండేవి. రాత్రిపూట పనివాళ్ళు వచ్చి వాటిని ఎత్తి, ఊరి బయట పొలాలకి ఎరువుగా అమ్ముకునేవారు. పద్ధతి దరిద్రంగా ఉన్నా ఏదోలా నడిచేది. దాన్ని తారుమారు చేసింది ఫ్లష్ దొడ్డి. అలెగ్జాండర్ కమింగ్ అనే గడియారాల పనివాడు 1775లోనే ఎస్ ఆకారపు గొట్టానికి పేటెంటు తీసుకున్నాడు. గొట్టం వంపులో ఎప్పుడూ కాస్త నీళ్ళు నిలిచి ఉంటాయి. ఆ నీరే తలుపు. లోపలి కంపు ఆ తలుపు దాటి గదిలోకి రాలేదు. ఇవాళ మన వాష్ బేసిన్ కింద ఉండే వంపు ఆ వంశానిదే. కాకపోతే ఒకసారి ఫ్లష్ చేస్తే బోలెడు నీళ్ళు పోతాయి. అన్ని నీళ్ళు గుంతల్లో పట్టవు, పొంగుతాయి.

1848 ప్రాంతంలో ప్రభుత్వం దీనికి ఒక ఉపాయం చేసింది. గుంతలు మూసేసి ఇళ్ళ గొట్టాల్ని వీధి కాలువలకి కలపమంది. ఎడ్విన్ చాడ్విక్ లాంటి సంస్కర్తలు పట్టుబట్టి చేయించారు. వాళ్ళ ఉద్దేశం మంచిదే, చెడుగాలే రోగాలకి మూలం కాబట్టి ఇంట్లో కంపు లేకపోతే రోగం ఉండదని నమ్మారు. అయితే ఆ వీధి కాలువలన్నీ తిన్నగా థేమ్స్ నదిలోకి పోతాయి, ఊరు తాగే నీళ్ళలో చాలా భాగం ఆ నది నుంచే వస్తాయి. ఇళ్ళు శుభ్రమయ్యాయి, నది మురుగు కాలువైంది. 1848-49 కలరాలో లండన్‌లో 14 వేల మందికి పైగా చనిపోయారు. 1853-54లో మళ్ళీ వచ్చి మరో 10 వేల మందికి పైగా తీసుకుపోయింది.

దీనికి తోడు థేమ్స్‌కి సముద్రపు పోటు ఉంది. నీటిమట్టం రోజుకి రెండుసార్లు ఎక్కి దిగుతుంది, ఆ తేడా ఇరవై అడుగుల దాకా ఉంటుంది. నదికి దగ్గరగా పల్లంలో ఉన్న కాలువల మూతులు పోటు వేళ నీళ్ళ కింద మునిగిపోయేవి. మురుగు బయటికి పోయే దారి ఉండదు, లోపలే నిలిచిపోతుంది. ఆ సమయంలో వాన పడిందా, పల్లపు ఇళ్ళ సెల్లార్లలోకి మురుగు ఎగదన్నేది. మా హాస్టల్ కథే, కాకపోతే వేల ఇళ్ళలో.

అడ్డంగా కోసిన గీత

ఈ సమయంలోనే, 1849లో, బాజల్జెట్ లండన్ మురుగు కమిషన్‌లో అసిస్టెంటు సర్వేయరుగా చేరాడు. ఊరి డ్రైనేజీకి ఉపాయం చెప్పమంటే జనం నుంచి వందకు పైగా ప్లాన్లు వచ్చి పడ్డాయి. ఒక్కటీ తేలలేదు. కమిషన్లు మారాయి, కొట్లాటలు జరిగాయి. చీఫ్ ఇంజనీరు ఫ్రాంక్ ఫాస్టర్ పని ఒత్తిడితో నలిగి 1852లో చనిపోయాడు. ఆ కుర్చీ బాజల్జెట్‌కి వచ్చింది. 1856లో మెట్రోపాలిటన్ బోర్డ్ ఆఫ్ వర్క్స్ ఏర్పడినప్పుడు, బ్రునెల్ లాంటి మహామహులు సిఫారసు చేయగా, ఆయనే చీఫ్ ఇంజనీరయ్యాడు.

ఆయన ప్లాను కాగితం మీద చాలా తేలిక. పాత కాలువలన్నీ ఊరి నుంచి నదికి నిలువుగా దిగుతున్నాయి. నదికి సమాంతరంగా, అంటే పడమర నుంచి తూర్పుకి, పెద్ద సొరంగ కాలువలు తవ్వితే అవి పాత కాలువల్ని మధ్యలోనే అడ్డగిస్తాయి. మురుగు నదిలో పడకుండా ఊరికి చాలా దూరం తూర్పుకి పోతుంది. అక్కడ తొట్లలో నిలవ ఉంచి, పోటు దిగే వేళ వదిలితే సముద్రం వైపు కొట్టుకుపోతుంది. ఉత్తరపు ఒడ్డున ఎత్తు, మధ్య, పల్లం అని మూడు మట్టాల్లో మూడు ప్రధాన కాలువలు. దక్షిణపు ఒడ్డున కూడా ఇదే పద్ధతి.

ఆలోచన పూర్తిగా ఆయనదే అనలేం, ఇలాంటివి అంతకుముందూ కొందరు చెప్పారు. దాన్ని అంగుళం అంగుళం లెక్కగట్టింది మాత్రం ఆయన. ఆ లెక్కలు చేతిలో పెట్టుకుని రెండేళ్ళకు పైగా కూర్చున్నాడు. మురుగు వదిలే చోటు ఊరికి ఇంకా దూరంగా ఉండాలని సర్ బెంజమిన్ హాల్ అనే మంత్రి ప్లాను తిప్పి పంపుతూ వచ్చాడు. ఖర్చు ఎవరు పెట్టాలన్నది ఇంకో తగవు. ఫైలు తిరుగుతూనే ఉంది.

కదిలించింది ఎండ. 1858 జూన్‌లో లండన్ ఎప్పుడూ చూడనంత వేడి. నీరు తగ్గి, ఒడ్డున పేరుకున్న మురుగు ఎండలో ఉడికింది. పార్లమెంటు భవనం నది ఒడ్డునే ఉంది. కిటికీ తెరలని సున్నపు బ్లీచింగులో తడిపి కట్టినా సభ్యులు లోపల కూర్చోలేకపోయారు. ఆర్థిక మంత్రి డిజ్రేలీ ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని కమిటీ గది నుంచి బయటపడ్డాడు. కలరాతో పాతిక వేల మంది పోయినా ఏళ్ళ తరబడి కదలని ఫైలు, ఆ కంపు పార్లమెంటు ముక్కుకి తగలగానే కదిలింది. బిల్లు పెట్టిన 18 రోజుల్లో చట్టమైంది. 30 లక్షల పౌండ్లు అప్పు తెచ్చుకునే అధికారం, ప్లాను నచ్చినట్టు కట్టుకునే స్వేచ్ఛ రెండూ బాజల్జెట్‌కి దక్కాయి.

ఇటుక, సిమెంటు, రెండడుగుల వాలు

పని 1859లో మొదలైంది. ప్రధాన కాలువలు 82 మైళ్ళు. వాటికి కలిసే వీధి కాలువలు 1,100 మైళ్ళు. వాడిన ఇటుకలు 31 కోట్ల 80 లక్షలు. ఇదంతా ఊరు నడుస్తుండగా, రోడ్ల కింద, రైలు పట్టాల కింద, ఎక్కువ భాగం పలుగూ పారలతో చేసిన పని.

లెవెలు తీసి చూసినవాళ్ళకి ఇందులో కష్టం అర్థమవుతుంది. పల్లపు కాలువలకి ఆయన పెట్టుకున్న వాలు మైలుకి రెండడుగులు. అంటే 2,640కి ఒకటి. వాలు తగ్గితే మురుగు కదలదు, మట్టి పేరుకుంటుంది. ఎక్కువ పెడితే పది మైళ్ళు వెళ్ళేసరికి కాలువ నేలలోకి మరీ లోతుకి దిగిపోతుంది. చాలా కాలువల్ని కోడిగుడ్డు ఆకారంలో, సన్నని వైపు కిందికి ఉండేట్టు కట్టారు. నీళ్ళు తక్కువున్న రోజున కూడా సన్నని అడుగులో లోతుగా, వేగంగా పారి చెత్తని ఈడ్చుకుపోతాయి. వాన రోజున పైనున్న వెడల్పు పనికొస్తుంది. ఈ ఆకారం కూడా ఆయన కనిపెట్టింది కాదు, ఇంత పెద్ద ఎత్తున వాడింది ఆయన.

ఆయన చేసిన పెద్ద సాహసం సిమెంటు. పోర్ట్‌లాండ్ సిమెంటుకి 1824లోనే పేటెంటు ఉన్నా, ఇంత పెద్ద ప్రజా నిర్మాణంలో నమ్మి వాడినవాళ్ళు లేరు. నీళ్ళలో ఉంటే ఇంకా గట్టిపడుతుంది, అది దాని గుణం. కాల్చడంలో కొంచెం తేడా వస్తే మాత్రం పనికిరాదు. బాజల్జెట్, ఆయన సహాయకుడు జాన్ గ్రాంట్ కలిసి ఒక నియమం పెట్టారు. వచ్చిన సరుకుని అచ్చులు పోసి, లాగి, ఎంత బరువుకి తెగుతుందో చూడాలి. తెగితే ఆ సరుకు వాపసు. కాంట్రాక్టర్ల మాట మీద నమ్మకం లేదు. మన మెటీరియల్ టెస్టింగ్ ల్యాబులో నిద్రమొహాలతో చేసే సిమెంటు పరీక్షల తాతలు ఇవే. బాజల్జెట్ కూడా ఎక్కడో కూర్చుని సంతకాలు పెట్టేరకం కాదు. డ్రాయింగులు, కలుపుడు దరఖాస్తులు వేలకొద్దీ స్వయంగా చూసేవాడు.

ఎంత వాలు పెట్టినా చివరికి పల్లపు కాలువ పల్లంలోనే తేలుతుంది. అక్కడ ఎత్తిపోయాల్సిందే. మా సెల్లార్‌కి సంప్ పంపు ఎలాగో, లండన్‌కి పంపింగ్ స్టేషన్లు అలాగ. దక్షిణపు ఒడ్డున క్రాస్‌నెస్ స్టేషన్‌ని 1865 ఏప్రిల్ 4న యువరాజు ప్రారంభించాడు. అందులో నాలుగు ఆవిరి యంత్రాలు. ఒక్కో యంత్రం దూలం బరువు 47 టన్నులు. వాటికి రాజకుటుంబం పేర్లు పెట్టారు. మురుగు తోడే యంత్రానికి మహారాణి పేరు పెట్టడం అవమానం అనుకోలేదు. లోపల ఇనుప స్తంభాలకి రంగుల పూలు, ఆకులు. గుడిలా ఉంటుంది. ఉత్తరపు ఒడ్డున ఆబీ మిల్స్ స్టేషన్ 1868లో తయారైంది. అది మురుగుని 36 అడుగులు పైకెత్తేది.

చివరి కాలువ పూర్తికాని చోట

1866లో కలరా మళ్ళీ వచ్చింది. ఈసారి కొత్త కాలువలు పనిచేస్తున్న చోట లండన్ దాదాపు తప్పించుకుంది. తూర్పు లండన్‌లో మాత్రం 5,596 మంది చనిపోయారు. కూలీలు, రేవు పనివాళ్ళు ఉండే పేటలవి. ఆబీ మిల్స్ అప్పటికింకా పూర్తికాలేదు, ఆ పక్క మురుగు ఇంకా పాత దారినే పోతోంది. ఆ పేటలకి నీళ్ళిచ్చే కంపెనీ సరిగా వడకట్టని నీళ్ళు వదిలిందని విచారణలో తేలింది. పని పూర్తయిన పేటకీ కాని పేటకీ మధ్య తేడా శవాల లెక్కలో కనబడింది. లండన్‌లో పెద్ద కలరా మళ్ళీ రాలేదు.

ఇందులో ఒక చిత్రం ఉంది. బాజల్జెట్‌ని నడిపించిన సిద్ధాంతం తప్పు. చెడుగాలి వల్ల రోగం వస్తుందనే అందరిలాగా ఆయనా పనిచేశాడు. కలరా నీళ్ళలో వస్తుందని జాన్ స్నో అనే డాక్టరు 1854లోనే సోహో పేటలో ఇంటింటికీ తిరిగి చూపించినా పెద్దలు ఒప్పుకోలేదు. స్నో 1858 జూన్‌లో, ఊరు కంపుతో అల్లాడుతుండగానే, కన్నుమూశాడు. కంపు పోగొట్టాలని కాలువలు కట్టారు. తాగే నీరు బాగుపడింది, జనం బతికారు.

అలాగని గాలి సంగతి వట్టిదేం కాదు. 1871లో యువరాజుకి టైఫాయిడ్ వచ్చి చావు దాకా వెళ్ళాడు. అతను బస చేసిన భవంతిలోని డ్రైను గాలే కారణమని ఊరంతా నమ్మింది. దాంతో డబ్బున్న ఇళ్ళలో ప్రతి గొట్టానికీ ట్రాప్, ప్రతి లైనుకీ డాబా దాటే వెంట్ పైపు కావాలనే పట్టింపు పెరిగింది. కారణం తప్పైనా పని సరైనదే. పక్క గదిలో ఎవరైనా ఫ్లష్ చేసినప్పుడు గొట్టంలోకి దిగే నీరు వెనక గాలిని లాగుతుంది. ఆ గాలి వెంట్ నుంచి రాకపోతే మన ట్రాప్‌లోని నీటినే లాగేస్తుంది. తలుపు తెరుచుకుంటుంది, కంపు లోపలికి వస్తుంది. మా హాస్టల్‌లో పూడ్చిన వెంట్ చేసిన పని అదే.

నది తిరిగి అడిగిన లెక్క

థేమ్స్ ఒడ్డున ఇవాళ మనం ఫొటోల్లో చూసే విక్టోరియా ఎంబాంక్‌మెంట్ కూడా బాజల్జెట్ కట్టిందే. 1870లో తెరిచారు. నది నుంచి నేలని గెలుచుకుని, దాని కింద పల్లపు కాలువ, పక్కనే భూగర్భ రైలు, పైన రోడ్డు, తోటలు. 1875లో ఆయనకి సర్ బిరుదు వచ్చింది.

మూడేళ్ళకి దెబ్బ తగిలింది. 1878 సెప్టెంబరు 3 సాయంత్రం ప్రిన్సెస్ ఆలిస్ అనే విహార పడవ బొగ్గు ఓడకి గుద్దుకుని మునిగింది. 600 మందికి పైగా చనిపోయారు. అది సరిగ్గా మురుగు వదిలే చోటికి దగ్గర. ఒక గంట ముందే తొట్లు తెరిచారు. ఈత వచ్చినవాళ్ళు కూడా ఆ నీళ్ళలో ఊపిరాడక పోయారని జనం అన్నారు. మురుగుని ఊరు దాటించడం, మురుగుని లేకుండా చేయడం ఒకటి కాదని అందరికీ తెలిసొచ్చింది. బాజల్జెట్ తన పద్ధతిని సమర్థించుకున్నా, విచారణ సంఘం ఒప్పుకోలేదు. చివరికి మురుగులోని గట్టి పదార్థాన్ని రసాయనాలతో విడదీసి, ఓడల్లో తీసుకెళ్ళి సముద్రంలో పారబోయడం మొదలుపెట్టారు. 1887లో వచ్చిన మొదటి మడ్డి ఓడకి పెట్టిన పేరు బాజల్జెట్! గౌరవమో వెటకారమో ఎవరికి వారే అనుకోవచ్చు. ఆ పారబోత 1998 దాకా సాగింది.

ఆయన ఇంకా పుట్నీ, హామర్‌స్మిత్, బ్యాటర్సీ వంతెనలు కట్టాడు. ఆయన పనిచేసిన బోర్డు అవినీతి ఆరోపణలతో మసకబారి 1889లో రద్దయింది. ఆ మరక ఆయనకి అంటలేదు. అప్పుడే రిటైరై, 1891 మార్చి 15న వింబుల్డన్‌లో కన్నుమూశాడు. వాన నీరూ మురుగూ ఒకే గొట్టంలో పోయేలా కట్టిన ఆ వ్యవస్థ, ఊరు పెరిగి పెరిగి, గట్టి వాన పడితే చాలు నదిలోకి పొంగేది. అందుకే ఈ మధ్య దాని కింద 25 కిలోమీటర్ల కొత్త సొరంగం తవ్వారు. 2025లో అది పూర్తిగా కలిసింది. దాన్ని కట్టినవాళ్ళు పాత కాలువల్ని పీకేయలేదు, వాటికే తగిలించారు. అవి ఇప్పటికీ పనిచేస్తున్నాయి.

మా హాస్టల్ సంగతి చెప్పి ముగిస్తాను. ప్లంబర్ అన్న డాబా ఎక్కి వెంట్ పైపు మూతి పగలగొట్టి, పైన జాలీ టోపీ పెట్టాడు. సెల్లార్‌లో సంప్‌కి గుంత తవ్వారు, పంపు బిగించారు. ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీరింగ్ క్లాసుకి బంక్ కొట్టే మేం నలుగురం ఆ రోజు క్లాసు ఎగ్గొట్టి మరీ ఆయన పక్కన నిలబడి స్పిరిట్ లెవెల్ పట్టుకున్నాం. వాలు ఎంత పెట్టాలో ఆయన చేత్తో చూసి చెప్పాడు. తర్వాత మేం లెక్కేసి చూస్తే సరిగ్గానే ఉంది.